మెదడు అనూరిజం: శస్త్రచికిత్సా విధానాల పరిణామం

మెదడుకు రక్తం అందించే ధమని గోడ ఒకచోట బలహీనపడి, రక్తపు ఒత్తిడికి బయటికి ఉబ్బి ఏర్పడే సంచిని మెదడు అనూరిజం అంటారు. చాలా అనూరిజంలు ఏ బాధా కలిగించకుండా జీవితాంతం అలాగే ఉండిపోతాయి. కొన్ని మాత్రం చిట్లి మెదడు చుట్టూ రక్తస్రావం కలిగిస్తాయి. చిట్లిన అనూరిజం మళ్లీ చిట్లకుండా మూయడం, చిట్లే ప్రమాదమున్న దాన్ని ముందే మూయడం ఈ చికిత్సల లక్ష్యం. 19వ శతాబ్దంలో మెడ దగ్గర ధమనిని కట్టివేయడంతో మొదలైన ఈ చికిత్స, 20వ శతాబ్దంలో కపాలం తెరిచి అనూరిజం మొదలుకు క్లిప్ పెట్టే దశకు చేరింది. ఆ శతాబ్దం చివరికి ధమని లోపలి నుంచే దాన్ని మూసే పద్ధతులు వచ్చాయి. ఈ వ్యాసం ఆ పరిణామాన్ని, ప్రస్తుత పద్ధతుల పనితీరును, తెలుగు ప్రాంతాల్లో, ముఖ్యంగా పశ్చిమ కర్నూలులో చికిత్స అందుబాటును వివరిస్తుంది.

నిర్మాణం, రకాలు

మెదడుకు రెండు కెరోటిడ్ ధమనులు, రెండు వెర్టెబ్రల్ ధమనులు రక్తాన్ని తెస్తాయి. వీటి శాఖలు మెదడు అడుగుభాగాన కలిసి ఒక వలయంగా ఏర్పడతాయి. ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని వివరించినందువల్ల దీనికి విల్లిస్ వలయం అని పేరు. ధమని రెండుగా చీలే చోట రక్తప్రవాహం గోడను నేరుగా తాకుతుంది. అనూరిజంలు ఎక్కువగా ఈ చీలికల దగ్గరే ఏర్పడతాయి.

ఆకారాన్ని, కారణాన్ని బట్టి ప్రధాన రకాలు ఇవి:

సంచి రకం: అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది. రేగుపండులా గుండ్రని సంచి, ధమనిని అంటుకునే ఇరుకైన మెడ దీని లక్షణాలు. క్లిప్, కాయిల్ (సంచిని నింపే లోహపు తీగచుట్ట) పద్ధతులు రెండూ ఈ మెడను ఆధారంగా చేసుకుని రూపొందినవే.

కదురు రకం: ధమని చుట్టుకొలత మొత్తం ఉబ్బుతుంది. మెడ ఉండదు కాబట్టి సాధారణ క్లిప్ పనికిరాదు.

చీలిక రకం: ధమని లోపలి పొర చిరిగి, గోడ పొరల మధ్యకు రక్తం చేరడంవల్ల ఏర్పడుతుంది.

సూక్ష్మజీవుల రకం: గుండె కవాటాలకు సోకిన ఇన్ఫెక్షన్ రక్తం ద్వారా మెదడు ధమనులకు చేరినప్పుడు వస్తుంది.

25 మిల్లీమీటర్లు, అంతకు మించిన వాటిని భారీ అనూరిజంలు అంటారు. స్థానం రీత్యా అత్యధిక భాగం విల్లిస్ వలయం ముందు భాగంలో ఏర్పడతాయి. ముందరి సంధాయక ధమని, వెనుక సంధాయక ధమని కెరోటిడ్ నుంచి పుట్టే చోటు, మధ్య మస్తిష్క ధమని చీలే చోటు ఇందులో ముఖ్యమైనవి. వెనుక భాగంలో బేసిలర్ ధమని కొన తరచుగా కనిపించే స్థానం.

కారణాలు, విస్తృతి

పొగతాగడం, అదుపులో లేని రక్తపోటు ప్రధాన ప్రమాద కారకాలు. పురుషుల్లో కంటే స్త్రీలలో ఇవి ఎక్కువ. వంశపారంపర్యంగా వచ్చే పాలీసిస్టిక్ మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇద్దరు లేక అంతకు మించి ఈ జబ్బు బారినపడిన కుటుంబాలకు ముప్పు ఎక్కువ. ఇలాంటివారికి ముందస్తు స్కానింగ్ సూచిస్తారు.

పలు దేశాల అధ్యయనాలను కలిపి 2011లో చేసిన సమీక్ష ప్రకారం వయోజనుల్లో సుమారు 3 శాతం మందికి చిట్లని అనూరిజం ఉంటుంది. వీటిలో ఏటా చిట్లేవి చాలా తక్కువ.

భారతీయుల్లో ఈ జబ్బు అరుదా అన్నది చాలాకాలం చర్చలో ఉంది. మద్రాసు న్యూరోసర్జన్ బి. రామమూర్తి 1969లో ప్రచురించిన పరిశీలన, భారతదేశంలో అనూరిజంల సంఖ్య పాశ్చాత్య దేశాల కంటే తక్కువగా కనిపిస్తోందని చూపింది. స్కానింగ్ సౌకర్యాలు విస్తరించిన తర్వాత భారతీయ ఆస్పత్రుల్లో ఈ రోగుల సంఖ్య బాగా పెరిగింది. ఆసుపత్రికి చేరకముందే మరణించేవారు, పక్షవాతంగా లేదా మెదడువాపుగా పొరబడినవారు పాత లెక్కల్లోకి రాకపోవడం ఆ తేడాకు ఒక కారణమని పలువురు వైద్యులు భావిస్తారు.

చిట్లడం: లక్షణాలు, నిర్ధారణ

చూడండి: పక్షవాతం, సబ్‌అరక్నాయిడ్ రక్తస్రావం

మెదడును కప్పే పొరల మధ్య ద్రవం ఉండే ఖాళీ ఉంటుంది. అనూరిజం చిట్లినప్పుడు రక్తం ఈ ఖాళీలోకి చిమ్ముతుంది. దీన్ని సబ్‌అరక్నాయిడ్ రక్తస్రావం అంటారు. అంతకుముందెన్నడూ ఎరగని తీవ్రతతో, క్షణాల్లో పతాకస్థాయికి చేరే తలనొప్పి దీని ముఖ్య లక్షణం. వాంతులు, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం తోడవుతాయి. వెనుక సంధాయక ధమని దగ్గరి అనూరిజం కంటి కదలికల నరాన్ని నొక్కితే ఒక కనురెప్ప వాలిపోయి, కనుపాప పెద్దదవుతుంది. కొందరిలో ఈ లక్షణం చిట్లడానికి ముందే కనిపించి హెచ్చరికగా పనిచేస్తుంది.

నిర్ధారణకు మొదట సీటీ స్కాన్ తీస్తారు. తలనొప్పి మొదలైన 6 గంటల్లోపు ఆధునిక సీటీ యంత్రంపై తీస్తే దాదాపు ప్రతి రక్తస్రావమూ బయటపడుతుంది. సమయం గడిచేకొద్దీ రక్తపు ఆనవాళ్లు పలుచబడతాయి. అప్పుడు నడుము దగ్గర వెన్నునీరు తీసి పరీక్షిస్తారు. అనూరిజం స్థానాన్ని సీటీ యాంజియోగ్రామ్, డిజిటల్ సబ్‌ట్రాక్షన్ యాంజియోగ్రఫీ చూపిస్తాయి.

రోగి పరిస్థితిని అంచనా వేయడానికి 1968లో హంట్, హెస్ రూపొందించిన ఐదు స్థాయిల కొలమానం, సీటీలో కనిపించే రక్తాన్ని బట్టి 1980లో ఫిషర్ ప్రతిపాదించిన కొలమానం, 1988 నాటి ప్రపంచ న్యూరోసర్జికల్ సంఘాల సమాఖ్య కొలమానం వాడుకలో ఉన్నాయి.

చిట్లిన అనూరిజం మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లో అత్యధికం. రెండోసారి చిట్లితే మరణించే అవకాశం బాగా పెరుగుతుంది. అందుకే చికిత్స ఎంత త్వరగా జరిగిందన్నది ఏ పద్ధతిలో జరిగిందన్నంత ముఖ్యం.

చికిత్స చరిత్ర

మెడ దగ్గర ధమనిని కట్టడం (1785–1930)

స్కాట్లాండ్‌లో పుట్టి లండన్‌లో పనిచేసిన సర్జన్ జాన్ హంటర్ 1785లో మోకాలి వెనుక ఏర్పడిన అనూరిజంకు, దానికి పైభాగాన ధమనిని కట్టివేసి చికిత్స చేశారు. రక్తప్రవాహం తగ్గితే సంచి గడ్డకట్టి మూసుకుపోతుందన్నది ఇందులోని సూత్రం. ఇదే సూత్రంతో ఆస్ట్లీ కూపర్ మెడలోని కెరోటిడ్ ధమనిని కట్టారు. 1805 నాటి మొదటి ప్రయత్నంలో రోగి మరణించారు. 1808 నాటి శస్త్రచికిత్స సఫలమైంది. ఈ రెండూ మెడలోని అనూరిజంలకు చేసినవి.

కపాలం లోపలి అనూరిజంలు అప్పటికి శవపరీక్షల్లో మాత్రమే కనిపించేవి. మిలాన్ వైద్యుడు ఫ్రాన్సెస్కో బియుమి 1765లో చిట్లిన మెదడు అనూరిజంను వర్ణించారు. 1885లో లండన్‌లో విక్టర్ హార్స్‌లీ కణితి అనుకుని కపాలం తెరిచి, అది అనూరిజం అని గుర్తించి మెడలో కెరోటిడ్ ధమనిని కట్టారు. తర్వాతి అర్ధశతాబ్దం పాటు ఇదే ప్రధాన చికిత్సగా నిలిచింది. ధమనిని కట్టినప్పుడు ఆ వైపు మెదడుకు రక్తం చాలక పక్షవాతం వచ్చే ప్రమాదం దీని పెద్ద లోపం. 1950లలో వచ్చిన సెల్వర్‌స్టోన్ క్లాంప్ ధమనిని కొన్ని రోజుల పాటు క్రమంగా బిగించే వీలు కల్పించి ఈ ప్రమాదాన్ని కొంత తగ్గించింది.

రోగి బతికుండగా చూడగలగడం (1891–1980)

శస్త్రచికిత్స ముందుకు సాగడానికి నిర్ధారణ విధానాలు ఆధారమయ్యాయి. 1891లో జర్మన్ వైద్యుడు హైన్రిక్ క్విన్కే వెన్నునీరు తీసే పద్ధతిని ప్రవేశపెట్టారు. 1924లో చార్లెస్ సైమండ్స్ అనూరిజం రక్తస్రావం లక్షణాలను స్పష్టంగా వివరించడంతో రోగి బతికుండగానే జబ్బును గుర్తించడం సాధ్యమైంది. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెదడు ధమనుల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే యాంజియోగ్రఫీని కనిపెట్టారు. 1953లో స్వీడన్‌కు చెందిన స్వెన్ సెల్డింగర్ సూది, తీగ సాయంతో ధమనిలోకి గొట్టం పంపే విధానాన్ని రూపొందించారు. నేటి కాయిల్ చికిత్స కూడా ఈ విధానంతోనే మొదలవుతుంది. 1971లో తొలి రోగికి తీసిన సీటీ స్కాన్, 1980 ప్రాంతంలో వచ్చిన డిజిటల్ సబ్‌ట్రాక్షన్ యాంజియోగ్రఫీ నిర్ధారణను సులువు చేశాయి.

చుట్టడం, క్లిప్ పెట్టడం (1931–1960)

1931లో ఎడిన్‌బరోలో నార్మన్ డాట్ చిట్లిన అనూరిజంను నేరుగా చేరుకుని, రోగి తొడ నుంచి తీసిన కండరాన్ని దాని చుట్టూ చుట్టి రక్తస్రావం ఆపారు. అనూరిజంపై ప్రణాళికతో నేరుగా చేసిన మొదటి శస్త్రచికిత్స ఇదే. కండరం, గుడ్డ, ప్లాస్టిక్ రసాయనాలతో చుట్టే పద్ధతి తర్వాత కూడా కొనసాగినా, చిట్లకుండా అది పూర్తి రక్షణ ఇవ్వదు. నేడు మరో మార్గం లేనప్పుడే దాన్ని ఎంచుకుంటారు.

రక్తనాళాలను మూసేందుకు చిన్న వెండి క్లిప్‌ను హార్వే కుషింగ్ 1911లోనే వివరించారు. 1937 మార్చి 23న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో వాల్టర్ డాండీ 43 ఏళ్ల రోగికి కపాలం తెరిచి, వెనుక సంధాయక ధమని దగ్గరి అనూరిజం మెడకు వెండి క్లిప్ పెట్టారు. ప్రధాన ధమనిలో ప్రవాహం ఆగకుండా అనూరిజం మాత్రమే మూసుకుంది. ఆధునిక అనూరిజం శస్త్రచికిత్స ఈ ఘటనతో ఆరంభమైనట్టు పరిగణిస్తారు.

వెండి క్లిప్‌ను ఒకసారి నొక్కితే తిరిగి తెరవడం కష్టం. తప్పుగా పడితే ధమని దెబ్బతినేది. 1950లలో సిన్సినాటికి చెందిన ఫ్రాంక్ మేఫీల్డ్, జార్జ్ కీస్ స్ప్రింగుతో పనిచేసే క్లిప్‌ను తయారుచేశారు. దీన్ని తెరిచి, సరిచేసి, మళ్లీ పెట్టవచ్చు. తర్వాత హైఫెట్జ్, యశర్గిల్, సుగీత పేర్లతో పలు రకాల క్లిప్‌లు వచ్చాయి. కెనడాలోని లండన్ నగరానికి చెందిన చార్లెస్ డ్రేక్, మధ్యలో రంధ్రమున్న క్లిప్‌ను 1969 ప్రాంతంలో ప్రవేశపెట్టారు. ఆ రంధ్రంలోంచి ధమనిని లేదా నరాన్ని పోనిచ్చి దాని వెనుకనున్న అనూరిజంను మూయవచ్చు. అంతకుముందు అందరానిదిగా భావించిన బేసిలర్ ధమని అనూరిజంలపై డ్రేక్ 1961 నుంచి ఫలితాలు ప్రచురించారు.

మైక్రోస్కోప్ యుగం (1957 నుంచి)

అమెరికాలో థియోడర్ కర్జ్ 1957లో న్యూరోసర్జరీలో ఆపరేషన్ మైక్రోస్కోప్‌ను మొదటిసారి వాడారు. టర్కీకి చెందిన గాజి యశర్గిల్ వెర్మాంట్‌లో పీర్డన్ డోనాగీ దగ్గర సూక్ష్మ రక్తనాళ శస్త్రచికిత్స నేర్చుకుని, 1967 నుంచి జ్యూరిచ్‌లో దాన్ని అనూరిజంలకు విస్తృతంగా వర్తింపజేశారు. కణత దగ్గర కపాలం తెరిచి, మెదడు మడతల మధ్యనున్న సహజమైన ఖాళీల గుండా అనూరిజంను చేరే ఆయన మార్గం ప్రపంచవ్యాప్తంగా ప్రామాణికమైంది. మెదడును గట్టిగా పక్కకు లాగే అవసరం తగ్గడంతో ఆపరేషన్ వల్ల కలిగే నష్టం తగ్గింది.

ఇదే కాలంలో శస్త్రచికిత్స ఎప్పుడు చేయాలన్న ప్రశ్న ముందుకొచ్చింది. మెదడు వాపు తగ్గేదాకా రెండు వారాలు ఆగితే ఆపరేషన్ సులువు. కానీ ఆ లోపు మళ్లీ చిట్లి మరణించేవారు ఎందరో. 3,500 మందికి పైగా రోగులతో సాగి 1990లో ఫలితాలు ప్రచురించిన అంతర్జాతీయ సహకార అధ్యయనం, త్వరగా చేసినా ఆగి చేసినా మొత్తం ఫలితాలు దాదాపు సమానమని తేల్చింది. అయితే మళ్లీ చిట్లడాన్ని అడ్డుకోవడంలో త్వరిత చికిత్సదే పైచేయి. శస్త్రచికిత్స, మత్తు, ఐసీయూ మెరుగుపడటంతో వీలైనంత త్వరగా చికిత్స చేయడం క్రమంగా ప్రామాణికమైంది.

ధమని లోపలి నుంచి (1974 నుంచి)

మాస్కోలోని బుర్దెంకో సంస్థకు చెందిన ఫ్యోదర్ సెర్బినెంకో, గొట్టం కొసన ఉంచి కావలసిన చోట విడిచిపెట్టగల బెలూన్‌ను తయారుచేసి 1974లో తన అనుభవాన్ని అంతర్జాతీయంగా ప్రచురించారు. కపాలం తెరవకుండా మెదడు ధమనికి చికిత్స చేయవచ్చని ఇది చూపింది. బెలూన్ అనూరిజం ఆకారానికి ఒదగకపోవడం, లోపలే చిట్లించే ప్రమాదం దీని పరిమితులు.

ఇటలీకి చెందిన గైడో గుగ్లియెల్మి లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మెత్తని ప్లాటినం కాయిల్‌ను రూపొందించారు. స్వల్ప విద్యుత్తు పంపి దాన్ని తీగ నుంచి వేరుచేయవచ్చు. 1990లో తొలి రోగులకు వాడిన ఈ కాయిల్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1995లో అనుమతి ఇచ్చింది. వెడల్పాటి మెడ ఉన్న అనూరిజంలలో కాయిల్ బయటికి జారకుండా తాత్కాలికంగా బెలూన్ ఉబ్బించే పద్ధతిని ఫ్రాన్స్‌కు చెందిన జాక్ మోరే అభివృద్ధి చేశారు. మెదడు ధమనులకు ప్రత్యేకించిన స్టెంట్లు 2000 తర్వాత వచ్చాయి.

2011లో అమెరికాలో అనుమతి పొందిన పైప్‌లైన్ పరికరంతో, రక్తప్రవాహాన్ని మళ్లించే ఫ్లో డైవర్టర్ల దశ మొదలైంది. సంచి లోపల వలలా విచ్చుకునే వెబ్ పరికరానికి అక్కడ ఆ తర్వాత అనుమతి లభించింది.

ప్రస్తుత పద్ధతులు: పనితీరు

క్లిప్పింగ్

పూర్తి మత్తు ఇచ్చి, వెంట్రుకల గీత వెనుక కోసి, కపాలంలో ఒక పలకను తీస్తారు. మెదడుపై పొరను తెరిచి మైక్రోస్కోప్ కింద మడతలను విడదీస్తూ ధమనిని చేరతారు. అనూరిజంకు ముందున్న ధమనిని మొదట అదుపులోకి తెచ్చుకోవడం ముఖ్య నియమం. మధ్యలో చిట్లితే అక్కడ తాత్కాలిక క్లిప్ పెట్టి రక్తాన్ని ఆపగలుగుతారు. మెడను చుట్టుపక్కల సన్నని శాఖల నుంచి వేరుచేసి శాశ్వత క్లిప్ పెడతారు. నేటి క్లిప్‌లు టైటానియం లేదా కోబాల్ట్ మిశ్రలోహాలతో తయారవుతాయి. టైటానియం క్లిప్ ఉన్నవారికి సాధారణంగా ఎంఆర్ఐ తీయవచ్చు. క్లిప్ పడ్డాక శాఖల్లో ప్రవాహం సరిగా ఉందో లేదో ఇండోసయనిన్ గ్రీన్ రంగుమందు ఎక్కించి మైక్రోస్కోప్‌లోనే చూసే విధానం 2003 నుంచి వ్యాప్తిలోకి వచ్చింది.

కాయిలింగ్

తొడ మొదట్లోని లేదా మణికట్టు దగ్గరి ధమని నుంచి సన్నని గొట్టాన్ని మెడదాకా, అందులోంచి మరింత సన్నని మైక్రోకాథెటర్‌ను అనూరిజం లోపలిదాకా పంపుతారు. ఎక్స్‌రే తెరపై చూస్తూ ఒకదాని తర్వాత ఒకటిగా కాయిల్స్ నింపుతారు. లోపల ప్రవాహం ఆగి రక్తం గడ్డకట్టడంతో సంచి మూసుకుంటుంది. ఆపరేషన్ గాయం లేకపోవడం, త్వరగా కోలుకోవడం దీని లాభాలు. కాయిల్స్ కాలక్రమంలో కుదించుకుపోయి అనూరిజం మళ్లీ తెరుచుకోవచ్చు. కాబట్టి నిర్ణీత వ్యవధుల్లో స్కాన్ తీస్తూ గమనించాలి.

ఫ్లో డైవర్టర్

ఇది చాలా దట్టంగా అల్లిన లోహపు గొట్టం. అనూరిజం లోపలికి వెళ్లకుండా, దాని మెడ మీదుగా ప్రధాన ధమనిలో దీన్ని పరుస్తారు. ప్రవాహం ధమని వెంట మళ్లి సంచిలో రక్తం నిలిచిపోతుంది. నెలల తరబడి క్రమంగా గడ్డకట్టి, గొట్టం మీద కొత్త పొర పెరుగుతుంది. పెద్ద, భారీ అనూరిజంలపై జరిగిన పైప్‌లైన్ అధ్యయనంలో 6 నెలలకు 73.6 శాతం, ఏడాదికి 86.8 శాతం పూర్తిగా మూసుకున్నాయి. రక్తం పలుచబడేందుకు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటి మరో మందు కొన్ని నెలలు వాడాలి. అందువల్ల ఇది ముఖ్యంగా చిట్లని అనూరిజంలకు వాడుకలో ఉంది.

బైపాస్

అనూరిజం ఉన్న ధమనిని పూర్తిగా మూయక తప్పనప్పుడు మెదడుకు రక్తం చేరేందుకు వేరే దారి కల్పిస్తారు. తలచర్మం కింది ధమనిని మెదడు ధమనికి కలిపే శస్త్రచికిత్సను యశర్గిల్ 1967లో మొదటిసారి చేశారు. భారీ, కదురు రకం అనూరిజంలలో ఇది నేటికీ అవసరమవుతుంది.

పద్ధతుల పోలిక

చిట్లిన అనూరిజంలలో క్లిప్పింగ్, కాయిలింగ్‌లను పోల్చిన అంతర్జాతీయ అధ్యయనం, ఐశాట్, 2002లో ఫలితాలు ప్రకటించింది. రెండు పద్ధతులకూ అనువైన 2,143 మందిని ఇందులో చేర్చారు. ఏడాది తర్వాత మరణించిన లేదా ఇతరులపై ఆధారపడిన వారు కాయిలింగ్‌లో 23.7 శాతం, క్లిప్పింగ్‌లో 30.6 శాతం. దీని తర్వాత చాలా దేశాల్లో కాయిలింగ్ మొదటి ఎంపికగా మారింది.

ఈ ఫలితాలపై రెండు అభ్యంతరాలు వచ్చాయి. పరిశీలించిన 9,559 మందిలో నాలుగో వంతు కంటే తక్కువ మందినే చేర్చినందువల్ల ఫలితాన్ని రోగులందరికీ వర్తింపజేయలేమన్నది మొదటిది. కాయిలింగ్ తర్వాత మళ్లీ చిట్లడం, మళ్లీ చికిత్స అవసరం కావడం ఎక్కువన్నది రెండోది. ఐశాట్ పదేళ్ల పరిశీలనలో కాయిలింగ్ రోగులలో 83 శాతం, క్లిప్పింగ్ రోగులలో 79 శాతం మంది బతికి ఉన్నారు. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో ఇవే రెండు పద్ధతులను పోల్చిన బారో అధ్యయనంలో తొలి ఏడాది కాయిలింగ్‌కు ఉన్న ఆధిక్యం తర్వాతి ఏళ్లలో గణనీయంగా నిలవలేదు.

స్థూలంగా మధ్య మస్తిష్క ధమని అనూరిజంలు, మెదడులో పెద్ద రక్తపుగడ్డతో వచ్చేవి క్లిప్పింగ్‌కు అనుకూలం. బేసిలర్ ధమని అనూరిజంలు, వయసు మళ్లినవారిలోని అనూరిజంలు కాయిలింగ్‌కు అనుకూలం.

చిట్లని అనూరిజంలు

ఎంఆర్ఐ స్కాన్లు పెరగడంతో అనుకోకుండా బయటపడే అనూరిజంలు పెరిగాయి. వీటి సహజ గమనంపై 2003లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, పూర్వం రక్తస్రావం లేనివారిలో ముందు భాగపు ధమనులపై 7 మిల్లీమీటర్ల కంటే చిన్నవి ఐదేళ్లలో చిట్లలేదు. 7 నుంచి 12 మిల్లీమీటర్లవి 2.6 శాతం, 13 నుంచి 24 వరకు 14.5 శాతం, 25కి మించినవి 40 శాతం చిట్లాయి. వెనుక భాగపు ధమనులపై ఏర్పడిన వాటికి ముప్పు ఇంకా ఎక్కువ. వయసు, పరిమాణం, స్థానం, ఆకారం, కుటుంబ చరిత్ర చూసి చికిత్స చేయాలా, గమనిస్తూ ఉండాలా అన్నది నిర్ణయిస్తారు. పొగ మానడం, రక్తపోటు అదుపు రెండు సందర్భాల్లోనూ అవసరం.

అనూరిజం మూసిన తర్వాత

అనూరిజం మూయడంతో ప్రమాదం ముగియదు. చిట్లిన తర్వాత సుమారు 4 నుంచి 14 రోజుల మధ్య మెదడు ధమనులు ముడుచుకుపోయి రక్తం చాలకపోవడం మరణాలకు, వైకల్యానికి పెద్ద కారణం. దీని నష్టాన్ని తగ్గించేందుకు నిమోడిపిన్ మందును 60 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు గంటలకోసారి 21 రోజులు ఇస్తారు. 1983 నాటి అమెరికా అధ్యయనం, 1989 నాటి బ్రిటిష్ అధ్యయనం దీని ప్రయోజనాన్ని చూపాయి. మెదడులో నీరు చేరితే గొట్టం ద్వారా బయటికి తీస్తారు. ఒంట్లో సోడియం తగ్గడం, ఫిట్స్, గుండె లయ తప్పడం వంటివి గమనించేందుకు ఐసీయూ పర్యవేక్షణ కావాలి. కోలుకున్నవారిలో మతిమరుపు, అలసట, మానసిక కుంగుబాటు దీర్ఘకాలం ఉండవచ్చు.

తెలుగు ప్రాంతాల్లో న్యూరోసర్జరీ

చూడండి: ఆంధ్ర వైద్య కళాశాల, నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ

దక్షిణ భారతంలో న్యూరోసర్జరీ విభాగాలు మొదట ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఏర్పడ్డాయి. 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జేకబ్ చాందీ, 1950లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో రామమూర్తి ఈ విభాగాలను ప్రారంభించారు. 1951లో భారత న్యూరోలాజికల్ సొసైటీ ఏర్పడింది. తెలుగు నేలపై 1956లో విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆస్పత్రిలో ఎస్. బాలపరమేశ్వరరావు న్యూరోసర్జరీ విభాగానికి పునాది వేశారు. తర్వాత హైదరాబాదు బోధనాస్పత్రుల్లో, 1989లో చట్టబద్ధ విశ్వవిద్యాలయ హోదా పొందిన నిజామ్స్ సంస్థలో, 1993లో పనిచేయడం ఆరంభించిన తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో ఈ సేవలు విస్తరించాయి. కాయిల్, ఫ్లో డైవర్టర్ చికిత్సలు క్యాథ్ ల్యాబ్ (ధమనిలోకి గొట్టం పంపి చికిత్స చేసే గది) ఉన్న పెద్ద నగరాల ఆస్పత్రుల్లో కేంద్రీకృతమయ్యాయి.

వ్యయం ఈ చికిత్సల విస్తరణకు ప్రధాన అడ్డంకి. కాయిల్స్, స్టెంట్లు అధికంగా దిగుమతి చేసుకునేవే. తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ బెంగళూరులోని జాతీయ ఏరోస్పేస్ ప్రయోగశాలతో కలిసి నిటినాల్ లోహంతో ఫ్లో డైవర్టర్‌ను రూపొందించి, 2020లో సాంకేతికతను ఒక పుణె సంస్థకు అందించింది.

పశ్చిమ కర్నూలులో చికిత్స అందుబాటు

చూడండి: ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు వైద్య కళాశాల

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. అప్పట్లో ఈ ప్రాంతవాసులకు న్యూరోసర్జరీ అంటే రైలెక్కి మద్రాసు లేదా వెల్లూరు చేరడమే. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిన తర్వాత 1957లో కర్నూలు వైద్య కళాశాల మొదలైంది. దాని అనుబంధ ప్రభుత్వ సర్వజన వైద్యశాల రాయలసీమ పశ్చిమ భాగానికి ప్రధాన పెద్దాస్పత్రి.

ఆదోని నుంచి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు, ఎమ్మిగనూరు నుంచి 70 కిలోమీటర్ల లోపు. ఆదోని వాసులకు బళ్లారి కర్నూలు కంటే దగ్గర. కాయిలింగ్ అవసరమైతే హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలకు వెళ్లాలి. కర్నూలు నుంచి హైదరాబాదు 200 కిలోమీటర్లకు పైగా, బెంగళూరు 350 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. బెంగళూరులోని నిమ్హాన్స్, 2001లో వైట్‌ఫీల్డ్‌లో ప్రారంభమై ఉచిత న్యూరోసర్జరీ చేసే శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ రాయలసీమ రోగులు ఆశ్రయించే కేంద్రాల్లో ఉన్నాయి.

అత్యవసర రవాణాకు 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ సేవ, ఖర్చుకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఆధారమయ్యాయి. ఆ పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చి ప్రస్తుతం ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతోంది. 2014లో రాష్ట్ర విభజనతో హైదరాబాదు ఆస్పత్రులు పొరుగు రాష్ట్రంలోకి వెళ్లాయి. 2019 నవంబరు 1 నుంచి హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాల్లోని ఎంపిక చేసిన ఆస్పత్రులకూ పథకాన్ని విస్తరించడం సరిహద్దు జిల్లా అయిన కర్నూలుకు ప్రత్యేకంగా వర్తించే మార్పు. ఆదోనిలో ప్రభుత్వ వైద్య కళాశాలకు 2021లో శంకుస్థాపన జరిగింది.

ఈ దూరాల దృష్ట్యా చికిత్స గొలుసులో మొదటి లంకె స్థానిక ఆస్పత్రే. హఠాత్తుగా వచ్చిన తీవ్ర తలనొప్పిని మైగ్రేన్‌గానో, బీపీగానో భావించి నొప్పి మాత్రలతో పంపేయకుండా సీటీ తీయడం, రక్తపోటును అదుపులో ఉంచి నేరుగా న్యూరోసర్జరీ కేంద్రానికి పంపడం తొలి వైద్యుని బాధ్యతలు.

ప్రాముఖ్యం, ప్రస్తుత ధోరణులు

నేడు పెద్ద కేంద్రాల్లో న్యూరోసర్జన్, ధమని లోపలి నుంచి చికిత్స చేసే ఇంటర్వెన్షన్ నిపుణుడు కలిసి ఒక్కో రోగికి తగిన పద్ధతిని ఎంచుకుంటారు. రెండు నైపుణ్యాలూ ఒకరే నేర్చుకునే శిక్షణ కూడా పెరుగుతోంది. కాయిలింగ్ వ్యాప్తితో క్లిప్పింగ్ అవసరమైన కేసులు తక్కువ, క్లిష్టం అయ్యాయి. కొత్తతరం సర్జన్లకు ఆ అనుభవం తగ్గడం వైద్య విద్యలో చర్చనీయాంశం. క్లిప్పింగ్‌కు ఒక క్లిప్, మైక్రోస్కోప్, నిపుణుడు చాలు. కాయిలింగ్‌కు క్యాథ్ ల్యాబ్‌తో పాటు రోగి రోగికీ ఖరీదైన సామగ్రి కావాలి. ఈ కారణంగా వనరులు తక్కువున్న ప్రభుత్వ ఆస్పత్రుల్లో క్లిప్పింగ్ ప్రధాన చికిత్సగా కొనసాగుతోంది. సీటీ చిత్రాల్లో అనూరిజంలను కంప్యూటరే గుర్తించే విధానాలు, కాయిల్ మీది పూతలు, రక్తం పలుచబడే మందుల అవసరం తగ్గించే ఫ్లో డైవర్టర్ ఉపరితలాలు పరిశోధనలో ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

పక్షవాతం, రక్తపోటు, విల్లిస్ వలయం, యాంజియోగ్రఫీ, సీటీ స్కాన్, వాల్టర్ డాండీ, గాజి యశర్గిల్, బి. రామమూర్తి, కింగ్ జార్జ్ ఆస్పత్రి, ఆరోగ్యశ్రీ, 108 అంబులెన్స్ సేవ